కొలువు మధ్యలోనే పోతే మనకు రావాల్సినవి ఏంటి? నల్లగొండ, పాలమూరు ప్రభుత్వ రంగ కార్మికులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో సంఘం ఆఫీసు బల్ల ముందు కూర్చుని కార్మికుల దరఖాస్తులు రాసిపెట్టడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. దేవరకొండ నుంచి వచ్చిన ఆర్టీసీ డ్రైవరైనా, మక్తల్ నుంచి వచ్చిన నీళ్ల ట్యాంకు కాడి ఎన్‌ఎంఆర్ (హాజరు పట్టీ మీద పనిచేసే రోజుకూలీ) అయినా, పాలిథిన్ కవర్లోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచి అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. బాధ ఏంటంటే, పదిమందిలో ఏడెనిమిది మంది సంతకం పెట్టేసిన తర్వాతే వస్తారు. నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే లక్షల్లో తేడా ఉండేదని వాళ్ల ముఖం చూస్తూ చెప్పడం నాకు ఏ రోజూ అలవాటు కాలేదు. అందుకే ఆ ప్రశ్నలన్నీ వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసి, జవాబులు పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## కాగితం చేతికి రాకముందు

టెర్మినేషన్, రిట్రెంచ్‌మెంట్, వీఆర్ఎస్, రాజీనామా... ఏదైనా కొలువు పోవుడే కదా?

కొలువు పోవడం ఒకటే. చేతికొచ్చే డబ్బు మాత్రం ఒకటి కాదు. మీ తప్పేమీ లేకుండా, పని తగ్గిందనో పోస్టు అవసరం లేదనో పంపిస్తే అది రిట్రెంచ్‌మెంట్. దానికి చట్టప్రకారం నోటీసు, నష్టపరిహారం రెండూ ఇవ్వాలి. విచారణ జరిపి తప్పు రుజువైందని తీసేస్తే అది డిస్మిస్. దానికి రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఉండదు. వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ స్కీము) తీసుకుంటే ఆ స్కీములో రాసిన మొత్తమే వస్తుంది, రిట్రెంచ్‌మెంట్ పరిహారం అడగడానికి వీల్లేదు. రాజీనామాకు ఏ పరిహారమూ లేదు. అనారోగ్యంతో పని చేయలేకపోతే దాని దారి వేరు. అందుకే కాగితం రాగానే అంకె కంటే ముందు, అందులో మిమ్మల్ని ఏ పేరుతో పంపుతున్నారో చదవండి. ఆ ఒక్క మాట మీదే మిగతా లెక్కంతా నడుస్తుంది.

కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయట. పాత చట్టం కింద ఉన్న హక్కులు పోయినట్టేనా?

పోలేదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 1972 నాటి గ్రాట్యుటీ (సర్వీసు ముగిశాక ఒకేసారి ఇచ్చే మొత్తం) చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చాయి. నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం, చివర చేరినవాళ్లను ముందు పంపాలనే నియమం అలాగే ఉన్నాయి. మారిన వాటిలో మనకు నష్టమైనది ఒకటి చెప్పాలి. ఫ్యాక్టరీలు, గనుల లాంటి చోట్ల 100 మంది కార్మికులున్నా రిట్రెంచ్‌మెంట్‌కు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని పాత చట్టం చెప్పేది. ఇప్పుడు ఆ హద్దు 300కు పెరిగింది. నవంబరు 21కి ముందే కొలువు పోయినవాళ్లు తమ హక్కును పాత చట్టం ప్రకారమే చూసుకోవాలి.

నేను ఎన్‌ఎంఆర్‌ను, ఆర్డర్ కాగితమే లేదు. 240 రోజులు అంటరు, ఆ లెక్క ఏంది?

తీసేసిన తేదీ నుంచి వెనక్కి 12 నెలలు లెక్కపెట్టండి. అందులో 240 రోజులు పనిచేసి ఉంటే చట్టం దృష్టిలో మీకు ఏడాది నిరంతర సర్వీసు ఉన్నట్టే. పర్మినెంటు కాకపోయినా, నియామక పత్రం లేకపోయినా, నోటీసు, పరిహారం లేకుండా మిమ్మల్ని పంపడం చెల్లదు. జీతంతో కూడిన ఆదివారాలు, పండగ సెలవులు కూడా ఆ 240లో కలుస్తాయని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. భూగర్భ గనిలో పనిచేసేవాళ్లకు 190 రోజులు చాలు.

చిక్కంతా రుజువు దగ్గరే. 240 రోజులు పనిచేశానని చూపాల్సిన బాధ్యత ముందు కార్మికుడిదే అని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. 'నేను చేశాను' అని ప్రమాణపత్రం ఇస్తే సరిపోదు. నాగర్‌కర్నూల్ వైపు పల్లె నుంచి ఒకామె భర్త కేసు కోసం వచ్చింది. చేతిలో ఏ కాగితమూ లేదు. మర్నాడు ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్లు తెచ్చింది, నాలుగేళ్లవి. పాల లెక్క కోసం ప్రతి గడిలో ఒక అరలీటరు గీత, దాని పక్కనే ఆయన పంపుహౌస్‌కు పోయిన రోజున చిన్న సున్నా. పాలవాడికి డబ్బులిచ్చే రోజే ఆయన కూలి రోజులు కూడా లెక్కపెట్టుకునేదట. క్యాలెండర్ ఒక్కదానితో కేసు గెలవలేం. కానీ ఆ సున్నాల నుంచి తేదీలు తీసి, ఫలానా నెలల మస్టర్ రోల్ (హాజరు పట్టీ), కూలి చెల్లింపు వోచర్లు హాజరుపరచాలని మేం ఖచ్చితంగా అడగగలిగాం. మీరు కూడా ఈరోజు నుంచే హాజరు పుస్తకం ఫొటో, బ్యాంకులో కూలి పడిన పేజీ, గేటు పాసు, పని పురమాయించిన వాట్సాప్ మెసేజ్ దాచుకోండి.

నేను ఔట్‌సోర్సింగ్‌లో ఉన్న. ఏజెన్సీ మారింది, కొత్తోడు నన్ను తీసుకోనన్నడు. ఆఫీసోళ్లు మాకు సంబంధం లేదంటున్నరు.

పూర్తిగా సంబంధం లేదనడం నిజం కాదు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే, పీఎఫ్ కట్టకపోతే ఆ బకాయి చెల్లించాల్సిన బాధ్యత ప్రధాన యజమాని మీదే, అంటే మీతో పని చేయించుకున్న శాఖ లేదా సంస్థ మీదే పడుతుంది. వాళ్లు కట్టి తర్వాత ఏజెన్సీ నుంచి వసూలు చేసుకుంటారు. రిట్రెంచ్‌మెంట్ పరిహారం మాత్రం మామూలుగా ఏజెన్సీ నుంచే అడగాలి. కాంట్రాక్టు రద్దయితే కార్మికులు తమంతట తామే సంస్థ ఉద్యోగులైపోరని 2001లో ఉక్కు సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ కాంట్రాక్టు పేరుకే ఉండి, సెలవు ఇచ్చేది, డ్యూటీ వేసేది, మెమో ఇచ్చేది అన్నీ ఆఫీసే అయితే, ఆ తెర తీసి అసలు యజమాని ఎవరో తేల్చమని పారిశ్రామిక ట్రిబ్యునల్‌ను (పాత చట్టంలో లేబర్ కోర్టును) అడగొచ్చు. మీ డ్యూటీ చార్టు మీద ఎవరి సంతకం ఉందో చూసుకోండి. ఇలాంటి కేసుల్లో అది బలమైన ఆధారం.

కాంట్రాక్టు గడువు అయిపోయింది, రెన్యువల్ చేయలేదు. పరిహారం వస్తదా?

గడువు రాసి ఉన్న కాంట్రాక్టు ఆ తేదీకి ముగిసిపోతే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. కాబట్టి 15 రోజుల లెక్క వర్తించదు. కొత్త కోడ్ కింద ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఒక ఊరట ఉంది. ఐదేళ్లు నిండక్కర్లేదు, ఏడాది సర్వీసుకే దామాషా ప్రకారం గ్రాట్యుటీ వస్తుంది. ఏళ్ల తరబడి జరిగే పనికి, కేవలం హక్కులు ఎగ్గొట్టడానికే ఆర్నెల్లకోసారి రెండ్రోజులు ఆపి మళ్లీ తీసుకుంటుంటే దాన్ని వివాదంగా లేవనెత్తవచ్చు.

## పంపించేస్తున్న రోజు

రేపటి నుంచి రావొద్దని నోటితోనే చెప్పిన్రు. కాగితం ఇయ్యలేదు. ఇప్పుడేం చేయాలి?

మర్నాడు కూడా డ్యూటీ టైముకు వెళ్లండి. గేటు దగ్గర ఆపితే గొడవ పడకుండా వచ్చేసి, అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి: 'ఫలానా తేదీన డ్యూటీకి వచ్చాను, ఫలానా వారు రానివ్వలేదు, పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను.' నాలుగు లైన్లు చాలు. ఇది ఎందుకంటే, రేపు వివాదం వచ్చినప్పుడు అవతలివాళ్లు తరచూ చెప్పే మాట 'మేం తీసేయలేదు, ఆయనే మానేశాడు' అని. ఆ పోస్టు రసీదు ఉంటే ఆ మాట నిలవదు. రసీదు పర్సులో కాదు, ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టినా సరే, భద్రంగా ఉండాలి.

సారు మంచిగనే చెప్తున్నడు, 'రాజీనామా రాసియ్యి, రికార్డు శుభ్రంగ ఉంటది' అని. రాయాల్నా?

రాయకండి. ముందు మీ హక్కులు తెలుసుకునేదాకా అసలు రాయకండి. రాజీనామా అన్న మాట రాయగానే రిట్రెంచ్‌మెంట్ పరిహారం హక్కు పోతుంది. పాత పింఛను పరిధిలో ఉన్న, అంటే 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే ఇంకా ప్రమాదం. పింఛను నియమాల ప్రకారం రాజీనామాతో గడిచిన సర్వీసు మొత్తం పోతుంది. అదే ఉద్యోగి 20 ఏళ్ల అర్హ సర్వీసు ఉండి, మూడు నెలల నోటీసుతో 'స్వచ్ఛంద పదవీ విరమణ' అని రాస్తే పింఛను వస్తుంది. ఉద్యోగం అదే, వెళ్లిపోయే రోజూ అదే, కాగితం మీద ఒక్క మాట వేరు. ఇరవై రెండేళ్లు పనిచేసి 'రాజీనామా' అని రాసిచ్చిన ఒక అటెండర్ మా ఆఫీసుకొచ్చి ఆ కాగితం జిరాక్స్ చూపించినప్పుడు ఆయనకు ఏం చెప్పాలో నాకు నోరు రాలేదు. ఇంటి పరిస్థితి, ఆరోగ్యం, ఏ కారణమైనా సరే, సరైన మాట రాయండి.

నాకంటె తర్వాత చేరినోళ్లను ఉంచి నన్ను తీసేసిన్రు. ఇది ఒప్పుతదా?

ఒకే రకం పనిచేసేవాళ్లలో చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలన్నది చట్టంలోని నియమం. దాన్ని తప్పితే కారణాలు రాసిపెట్టాలి. సీనియారిటీ జాబితా ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం కిందా అడగొచ్చు. ఇంకొకటి, మిమ్మల్ని రిట్రెంచ్ చేసిన ఏడాదిలోపు అదే పనికి కొత్తవాళ్లను తీసుకుంటే ముందు మిమ్మల్నే పిలవాలని కొత్త కోడ్ చెబుతోంది.

సమ్మెల పాల్గొంటే కొలువు దానంతట అదే పోతదా?

పోదు. సమ్మె చేశారని తీసేయాలన్నా దానికో పద్ధతి ఉంటుంది. 2019లో ఆర్టీసీ సమ్మె అక్టోబరు 5న మొదలైనప్పుడు 'వాళ్లంతట వాళ్లే డిస్మిస్ అయ్యారు' అన్న మాట మనందరం విన్నాం. నవంబరు 25న సమ్మె విరమించాక అదే నెల 29 నుంచి అందరూ డ్యూటీలో చేరారు. 2020లో సమ్మెకు దిగిన ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లను తీసేస్తే, తిరిగి తీసుకోవడానికి 2022 దాకా పట్టింది. ఆ రెండేళ్లు పాలమూరు పల్లెల్లో వాళ్ల ఇళ్లు ఎట్లా గడిచాయో దగ్గర నుంచి చూసినవాణ్ని. అయితే నోటీసు ఇవ్వకుండా చేసిన సమ్మె చట్టవిరుద్ధమవుతుంది, ఆ రోజుల జీతం కోతపడుతుంది.

సస్పెన్షన్‌ల ఉన్న, జీతం ఆపిన్రు.

విచారణ జరుగుతుండగా పూర్తిగా ఆపడానికి వీల్లేదు. స్టాండింగ్ ఆర్డర్లు (కార్మికుల సర్వీసు నియమాలు) వర్తించే సంస్థల్లో మొదటి 90 రోజులు సగం వేతనం, ఆలస్యం మీ వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం జీవనభృతి ఇవ్వాలి.

## ఆరోగ్యం కారణంగా పంపితే

నేను బస్సు డ్రైవర్‌ను. కంటి పరీక్షల అన్‌ఫిట్ అన్నరు, ఇంటికి పొమ్మంటున్నరు. ఇరవై ఏండ్ల సర్వీసు ఉంది.

మిర్యాలగూడ, కోదాడ, వనపర్తి, గద్వాల... ఏ డిపో నుంచైనా ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. కాబట్టి వివరంగా చెబుతాను. స్టీరింగ్ పట్టడానికి పనికిరావు అంటే సంస్థలో ఏ పనికీ పనికిరావు అని అర్థం కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20 ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఇప్పుడున్న పోస్టుకు సరిపోకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. ఖాళీ లేకపోతే ఖాళీ వచ్చేదాకా, లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి.

'నీకు రంగులు మాత్రమే కనబడట్లేదు, అది చట్టంలో చెప్పిన వైకల్యం కాదు' అని కొందరికి చెప్పారు. దీనికీ జవాబుంది. సరిగ్గా ఇలాగే రంగులు గుర్తుపట్టలేని కారణంగా ముందే ఇంటికి పంపిన మన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసులో 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అలాంటి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇస్తామని సంఘాలతో 1979లో చేసుకున్న ఒప్పందాన్ని సంస్థ పక్కన పెట్టడం కుదరదని, ఎనిమిది వారాల్లో తగిన పోస్టు ఇవ్వాలని, బకాయి వేతనంలో 25 శాతం చెల్లించాలని ఆదేశించింది. సంస్థ ముందు తన దగ్గర ఏ పనులున్నాయో నిజంగా వెతికి చూడాలన్నదే ఆ తీర్పు సారం.

మీరు చేయాల్సింది ఇది. మెడికల్ బోర్డు రిపోర్టు నకలు తీసుకోండి. 'అన్‌ఫిట్' అని ఉంటే ఏ పనికి అన్‌ఫిట్ అని రాశారో చూడండి. తర్వాత శ్రామిక్ (గ్యారేజీ సహాయకుడు), ఆఫీసు, సెక్యూరిటీ, టికెట్ల విభాగం, మీరు చేయగలిగిన పనుల పేర్లు రాసి ప్రత్యామ్నాయ పోస్టు కోరుతూ దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ దరఖాస్తు ఇవ్వకుండా 'మెడికల్ రిటైర్మెంట్‌కు సమ్మతమే' అన్న కాగితం మీద సంతకం చేయొద్దు.

## వీఆర్ఎస్ ప్రకటించినప్పుడు

మా కేంద్ర సంస్థల వీఆర్ఎస్ పెట్టిన్రు. ఏడాదికి 35 రోజులు, 25 రోజులు అంటున్నరు. అర్థమయ్యేటట్టు లెక్క చెప్పండి.

దీన్ని గుజరాత్ నమూనా అంటారు. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 35 రోజుల జీతం, రిటైర్మెంట్‌కు మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం. జీతం అంటే ఇక్కడ మూల వేతనం, డీఏ మాత్రమే, ఇంటద్దె అలవెన్సు కలవదు. 2019లో బీఎస్ఎన్ఎల్ 50 ఏళ్లు నిండినవాళ్లకు ఇచ్చిన వీఆర్ఎస్ కూడా ఈ లెక్కతోనే వచ్చింది. 78,569 మంది ఒప్పుకుని 2020 జనవరి 31న ఒకే రోజు ఇంటికి వెళ్లారు.

ఉదాహరణకు మూల వేతనం, డీఏ కలిపి 26,000, సర్వీసు 18 ఏళ్లు, మిగిలింది 12 ఏళ్లు అనుకుందాం. 18 ఏళ్లకు 630 రోజులు, 12 ఏళ్లకు 300 రోజులు, మొత్తం 930. నెలకు 30 రోజుల చొప్పున 31 నెలలు. అంటే 8,06,000 రూపాయలు. కానీ ఒక హద్దు ఉంది. ఆ మొత్తం, మిగిలిన కాలం ఉద్యోగం చేస్తే ఇప్పటి రేటులో వచ్చే జీతాన్ని దాటకూడదు. అదే మనిషికి 28 ఏళ్ల సర్వీసు, రెండేళ్లే మిగిలి ఉంటే, లెక్క ప్రకారం 1,030 రోజులు, అంటే 34 నెలలు దాటుతుంది. ఇచ్చేది మాత్రం 24 నెలలదే. అందుకే రిటైర్మెంట్ దగ్గర పడ్డవాళ్లకు వీఆర్ఎస్ లాభం తక్కువ. వాళ్లు రెండేళ్ల జీతం ఒక్కసారి చేతికొస్తుందని మురిసిపోకుండా, ఆ రెండేళ్లలో పడే ఇంక్రిమెంట్లు, పీఎఫ్ వాటా, వైద్య సౌకర్యం కూడా తూకం వేసుకోవాలి. గ్రాట్యుటీ, పీఎఫ్, సెలవుల డబ్బు ఈ మొత్తానికి అదనం.

అప్లికేషన్ పెట్టిన, ఇంట్ల వద్దంటున్నరు. వెనక్కి తీసుకోవచ్చా?

యాజమాన్యం ఆమోదించకముందు తీసుకోవచ్చు. మన దరఖాస్తు ఒక ప్రతిపాదన మాత్రమే, ఆమోదం పడేదాకా ఒప్పందం కాదని బ్యాంకు ఉద్యోగుల కేసులో 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉపసంహరణ ఉత్తరం ఈరోజే ఇచ్చి, తేదీ, సమయంతో రసీదు తీసుకోండి. ఆమోదం అయ్యి, డబ్బు కూడా తీసుకుని వాడుకుంటే ఇక వెనక్కి దారి ఉండదు.

వీఆర్ఎస్ తీసుకున్న తర్వాత జీతాలు పెరిగినయి, పాత తేదీ నుంచి. ఆ బకాయి నాకూ రావాలె కదా?

ఆ స్కీములోనే రాసి ఉంటే తప్ప రాదు. వీఆర్ఎస్ డబ్బు తీసుకున్నాక యజమానితో సంబంధం పూర్తిగా తెగిపోతుందని, తర్వాత వేతన సవరణ అడగలేరని 2003లో ఎరువుల సంస్థల ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వేతన సవరణ పెండింగులో ఉండగా వీఆర్ఎస్ వస్తే, దాని సంగతి స్కీములో ఏం రాశారో చదివిన తర్వాతే కలం పట్టండి.

## ఎంత రావాలో లెక్క

రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఎట్ల కడతరు?

పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. చివర్లో ఆరు నెలలు దాటితే దాన్నీ ఏడాదిగానే తీసుకోవాలి. నెల జీతగాళ్లకు చివరి మూడు నెలల సగటు చూస్తారు. ఇక్కడ నెల అంటే 30 రోజులు. నెలకు 26,000 వచ్చేవాళ్లకు 18 ఏళ్లకు 13,000 చొప్పున 2,34,000. నెల ముందు నోటీసు ఇవ్వకపోతే ఒక నెల జీతం అదనం. 2025 నవంబరు 21 తర్వాత రిట్రెంచ్ అయినవాళ్లకు ఇంకో 15 రోజుల వేతనం పునర్‌నైపుణ్య నిధి కింద యజమాని జమచేయాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు రావాలి. దీని గురించి చాలామందికి తెలియదు, గట్టిగా అడగండి. జీతం బకాయి ఉంటే రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి.

గ్రాట్యుటీ కూడా 15 రోజులే అంటరు. మరి రెండు లెక్కలు ఎందుకు కలుస్తలేవు?

గ్రాట్యుటీలో నెలను 26 రోజులుగా లెక్కిస్తారు, అందుకే. అదే 26,000 జీతానికి రోజుకు 1,000, 15 రోజులకు 15,000, 18 ఏళ్లకు 2,70,000. ఇది రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి బదులు కాదు, దానికి అదనం. రెండూ వస్తాయి. మామూలుగా ఐదేళ్ల సర్వీసు కావాలి. చనిపోయినా, వైకల్యం వచ్చి ఆగిపోయినా ఆ ఐదేళ్ల నిబంధన లేదు. పైహద్దు 20 లక్షలు. కొత్త నిర్వచనం ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంలో కలపాలి. మూల వేతనం బాగా తక్కువ చూపించే చోట్ల దీనివల్ల గ్రాట్యుటీ పెరుగుతుంది.

డిస్మిస్ చేసిన్రు. గ్రాట్యుటీ కూడ ఇచ్చేది లేదంటున్నరు.

డిస్మిస్ అయినంత మాత్రాన గ్రాట్యుటీ పోదు. సంస్థకు ఆస్తి నష్టం చేస్తే ఆ నష్టం మేరకే కోయాలి. హింసకు, అల్లరికి దిగినా, నైతిక పతనం కిందికి వచ్చే నేరం డ్యూటీలో చేసినా మొత్తం గానీ కొంత గానీ ఆపవచ్చు. దానికి క్రిమినల్ కోర్టు శిక్ష అవసరం లేదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది. అదే తీర్పులో టికెట్ డబ్బుల విషయంలో దొరికిన బస్సు కండక్టర్లకు, మొత్తం చిన్నది కాబట్టి గ్రాట్యుటీలో 25 శాతమే కోయమంది. ఆపితే కారణం చూపిస్తూ నోటీసు ఇచ్చి, ఆర్డరు ఇవ్వాలి. ఆర్డరు లేకుండా ఆపితే ఫిర్యాదు చేయండి.

పీఎఫ్ పింఛను సంగతి? నాకు తొమ్మిదిన్నర ఏండ్లే అయినయి.

ఆరు నెలలు నిండితే ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదిన్నర ఏళ్ల చందా సర్వీసు పదేళ్ల కిందికే వస్తుంది. పదేళ్లుంటే 58వ ఏట నుంచి నెల పింఛను. 50 తర్వాత ముందే తీసుకోవచ్చు గానీ ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది, అదీ జీవితాంతం. తొందరపడకండి. పదేళ్లు లేనివాళ్లు డబ్బు తీసుకునే బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు ఇంకో చోట చేరినప్పుడు ఆ ఏళ్లు కలుస్తాయి. కొలువు పోయిన వారంలోనే మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) ఖాతాలో నిష్క్రమణ తేదీ, కారణం సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి. రిట్రెంచ్ అయిన మనిషికి 'రాజీనామా' అని ఎక్కిన కేసులు నేను చాలా చూశాను.

ఈఎస్ఐ కట్టేది. దాంట్ల ఏమన్న వస్తదా?

రిట్రెంచ్‌మెంట్, సంస్థ మూసివేత వల్ల పని పోతే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద నిరుద్యోగ భృతి ఉంది: మొదటి ఏడాది రోజు సగటు వేతనంలో సగం, రెండో ఏడాది పావు వంతు. ఆ కాలంలో కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కూడా. వీఆర్ఎస్ తీసుకున్నవాళ్లకు, క్రమశిక్షణ చర్యతో పోయినవాళ్లకు ఇది రాదు.

ఇంత డబ్బు మీద పన్ను పడుతదా?

రిట్రెంచ్‌మెంట్ పరిహారంలో 5 లక్షల వరకు పన్ను లేదు. నియమాలకు లోబడిన వీఆర్ఎస్ మొత్తంలోనూ 5 లక్షల వరకు లేదు, అయితే అది జీవితంలో ఒక్కసారే. గ్రాట్యుటీ 20 లక్షల దాకా, సెలవుల డబ్బు 25 లక్షల దాకా మినహాయింపు. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఈ విషయంలో ప్రభుత్వ ఉద్యోగుల కిందికి రారని గుర్తుంచుకోండి. పన్ను (టీడీఎస్) కోసే ముందే మినహాయింపు కాగితం మీ అకౌంట్స్ విభాగానికి ఇవ్వండి.

## డబ్బు రాకపోతే

ఎక్కడికి పోవాలె? ఎన్ని రోజుల్ల పోవాలె?

ఆర్టీసీ, మున్సిపాలిటీ, రాష్ట్ర సంస్థలైతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. కేంద్ర సంస్థలైతే హైదరాబాద్‌లోని కేంద్ర ప్రాంతీయ లేబర్ కమిషనర్ దగ్గర. రాజీ ప్రయత్నం 45 రోజుల్లో తేలకపోతే ప్రభుత్వం కేసును ట్రిబ్యునల్‌కు రిఫర్ చేసేదాకా ఆగక్కర్లేదు, మీరే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. గడువు పాత చట్టంలో తీసేసిన తేదీ నుంచి మూడేళ్లు. కొత్త కోడ్‌లో రెండేళ్లే. 'సారు మళ్ల తీసుకుంట అన్నడు' అని ఎదురుచూస్తూ ఆ గడువు దాటబెట్టుకోవద్దు.

గ్రాట్యుటీ ఆర్నెల్లయినా ఇయ్యలే.

30 రోజుల్లో ఇవ్వాలి. దాటితే వడ్డీతో ఇవ్వాలి. ముందు యజమానికి దరఖాస్తు, స్పందన లేకపోతే గ్రాట్యుటీ నియంత్రణాధికారికి ఫిర్యాదు. ఆ అధికారి కార్మిక శాఖలోనే ఉంటారు. వసూలు భూమి శిస్తు బకాయిలాగా కలెక్టర్ ద్వారా చేయించే వీలుంది.

చెక్కు ఇస్తున్నరు. తీసుకుంటే కేసు వేసే హక్కు పోతదా?

పోదు. ఇంట్లో పొయ్యి వెలగాలి, తీసుకోండి. రసీదు మీద సంతకం పక్కన 'నా హక్కులకు భంగం లేకుండా, అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని మీ చేతిరాతతో రాయండి. 'పూర్తి, తుది పరిష్కారం, ఇక ఎలాంటి క్లెయిములూ లేవు' అని ముందే అచ్చు వేసి ఉంటే ఆ లైన్ కొట్టేయండి. వాళ్లు ఒప్పుకోకపోతే, డబ్బు పడ్డ రోజే అభ్యంతరం తెలుపుతూ రిజిస్టర్డ్ ఉత్తరం పంపండి.

పరిహారం ఇయ్యకుండ తీసేసిన్రని తేలితే మళ్ల కొలువుల పెట్టుకుంటరా?

పర్మినెంటు కార్మికులకు సాధారణంగా తిరిగి నియామకం, వెనకటి జీతం అడగవచ్చు. రోజుకూలీల విషయంలో మాత్రం ధోరణి మారింది. పద్ధతి పాటించలేదన్న ఒక్క కారణంతో తీసేసింది చెల్లకపోయినా, కొలువు బదులు ఒకేసారి కొంత మొత్తం ఇవ్వాలని కోర్టులు అంటున్నాయి. 2013లో బీఎస్ఎన్ఎల్ రోజుకూలీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అయితే అదే తీర్పులో, జూనియర్లను ఉంచుకుని, లేదా వాళ్లను పర్మినెంటు చేసి ఈయన్ని పంపిస్తే మళ్లీ తీసుకోవాల్సిందేనని కూడా ఉంది. కాబట్టి మీతోపాటు, మీ తర్వాత చేరి ఇప్పటికీ పనిచేస్తున్న ప్రతి ఒక్కరి పేరు, చేరిన నెల రాసి మీ వకీలుకు ఇవ్వండి.

వకీలుకు పెట్టే పైసలు నా దగ్గర లేవు.

1987 న్యాయసేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి ఉచిత న్యాయసహాయం హక్కు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, దివ్యాంగులకు కూడా ఆదాయంతో నిమిత్తం లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. వెళ్లేటప్పుడు ఆధార్, తీసేసిన ఆర్డరు గానీ పోస్టు రసీదు గానీ, బ్యాంకు పాసుబుక్కు, చేరిన తేదీ నుంచి ఇవాళ్టి దాకా ఏ ఏడాది ఎక్కడ పనిచేశారో రాసిన ఒక పేజీ తీసుకెళ్లండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సులే ఇవ్వండి.